గాలి అందని రెక్క

నేను డెంటర్‌ని. సొట్ట పడిన రేకును మళ్లీ రేకులా చేయడం నా పని. కుడి భుజం పైకి లేవడం మానేశాక షెడ్డు తాళంచెవి మేనల్లుడికి ఇచ్చి ఇంట్లో కూర్చున్నాను. అరవై రాలేదు, జుట్టు కూడా పూర్తిగా నెరవలేదు. కానీ సుత్తి ఎత్తలేని డెంటర్‌కు వయసుతో పనేముంది?

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి కూర్చుంటారు. రేకు ఎట్లా కాల్చాలి, పుట్టీ ఎంత పెట్టాలి అని అడుగుతారు. అవి చేస్తుంటే వస్తాయి. చేస్తున్నా రానివి కొన్ని ఉంటాయి. వాటి కోసం ఇది రాస్తున్నాను.

ఖమ్మం నుంచి ఇల్లందు దాకా నా కథలు తెలియని టీకొట్టు లేదు. ఒకసారి ఒక ఆటో చాసిస్‌ను ఎంత సూటిగా తీశానంటే, అది మలుపు తిరగడమే మరిచిపోయి కారేపల్లి దాటి, అడవి దాటి, డీజిల్ అయిపోయేదాకా పోయింది. డ్రైవర్ బస్సెక్కి తిరిగొచ్చాడు. ఇట్లాంటివి నా దగ్గర చాలా ఉన్నాయి, వాటిలో నిజమెంతో మాత్రం అడగొద్దు. రావుగారి కారు సంగతిలో మాత్రం నేనేమీ కలపలేదు. కలపడానికి అందులో చోటు లేదు.

ఉస్తాద్ చెయ్యి

ఖమ్మంలో నాకు పని నేర్పినవాడు జానీ ఉస్తాద్. సొట్ట తీశాక రేకు మీద పాత బనీను గుడ్డ పరిచి, కళ్లు మూయించి, దాని మీద అరచేయి పోనివ్వమనేవాడు.

"ఏమన్న తగిలిందారా?"

"ఏం తగల్లే ఉస్తాద్."

"అబద్ధం. నీ చెయ్యి ఆడ ఆగింది, నేను చూసిన. మల్ల రుద్దు."

ఎండలో నిగనిగలాడే రేకు చూసి కన్ను మోసపోతుంది, చెయ్యి మోసపోదు. ఇది ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన ఆకురాయి పిడితో వేళ్ల మీద కొట్టేవాడు. కొడితే పని వస్తుందని ఆ కాలంలో అందరూ నమ్మేవారు. నాకైతే పని కన్నా ముందు భయమే వచ్చింది. భయంతో కొట్టిన సుత్తి దెబ్బ ఎప్పుడూ వంకరగానే పడుతుంది. మీ కింద ఎవరైనా పని నేర్చుకుంటుంటే వాళ్ల వేళ్ల జోలికి పోకండి.

ఆయన దగ్గరున్న ఇంకో పద్ధతి మాత్రం నేను చివరిదాకా వదల్లేదు. వేరేవాళ్లు చేసిన పనిని విప్పాల్సి వస్తే, పానా తీసేముందు దాన్ని ఒకసారి చేత్తో తడమాలి. చేసినవాడు ఏం అనుకుని చేశాడో అర్థం చేసుకోవాలి. ఆ తర్వాతే విప్పాలి.

గాలికి బరువుంది

షెడ్డు పెట్టిన కొత్తలో ఒక రోడ్డు కాంట్రాక్టర్ తన జీపుకు వెనక రేసు కార్లకు ఉండేలాంటి పెద్ద రెక్క కావాలన్నాడు. షోకు కోసం. నేనూ షోకుగానే బిగించాను, నాలుగు స్క్రూలతో. కొత్తగూడెం రోడ్డు మీద జీపు వేగం పుంజుకోగానే రెక్క లేచిపోయింది. పత్తి చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు విమానం కూలిందని ఊళ్లోకి పరుగెత్తారు. పరుగెత్తిన మాట నేను కలిపిందే కావచ్చు, రెక్క లేచిపోయిన మాట మాత్రం నిజం.

గాలికి బరువుందని ఆ రోజు తెలిసింది. ఆ బరువును ఎట్లా వాడుకోవాలో తర్వాత పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ఒక సారు నేర్పాడు. ఆయనకు పాత కార్లను ట్రాక్ మీద తిప్పే పిచ్చి. ఆయన చెప్పిందంతా ఇక్కడ రెండు ముక్కల్లో రాస్తాను.

పాత కారును ట్రాక్‌కు తయారు చేయాలంటే ముందు రెక్కల జోలికి పోవద్దు. టాపు మీద క్యారియర్ ఉంటే పీకేయండి. చక్రాల వెనక వేలాడే మట్టి రబ్బర్లు తీసేయండి. బానెట్టు చుట్టూ సందులు పూడ్చండి. కారు కడుపు కింద గొట్టాలు, తొట్లు, బొరియలు ఉంటాయి, గాలి వాటిలో దూరి కొట్టుకుంటుంది. అక్కడ చదునైన పలక బిగించండి. సగం పని దాంతోనే అవుతుంది.

ఆ తర్వాతే బండిని నేలకు అదిమే పని. ముందు మూతి కింద పెదవిలా ఒక పట్టీ, వెనక రెక్క. ఈ రెండూ కావడి కుండల్లాంటివి. ముందుకుండ నింపి వెనకకుండ ఖాళీగా ఉంచితే మోసేవాడు తిరగబడతాడు. ముందు చక్రాలు నేలను గట్టిగా పట్టి, వెనకవి తేలికైతే, వేగంగా పోయే మలుపులో బండి తోక విసురుతుంది. తోక విసిరిన బండిని వెనక్కి తెచ్చుకోవడం కొత్తవాళ్ల వల్ల కాదు.

తెల్ల కారు

రావుగారిది సత్తుపల్లి వైపు ఊరు. మిరప రైతు. ఆయన ఒక ఎండాకాలం పొద్దున కారేపల్లి అడ్డరోడ్డు మీది నా షెడ్డుకు వచ్చారు. తెచ్చిన కారు తెల్లది, పాతది, టాపు వెనక్కి వచ్చి ఒక్కసారిగా కిందికి దిగిపోయే చిన్న బండి. లోపల డ్రైవర్ సీటు, పక్క సీటు తప్ప అన్నీ పీకేసి ఉన్నాయి. వెనక డిక్కీ తలుపు మీద, అద్దం కింద, ఒక రెక్క ఉంది.

"మావాడు కిరణ్ మొదలుపెట్టాడు. పూర్తి చేయాలి," అన్నారు.

"పిలగాడు రాలేదా సార్?"

"లేడు. పోయాడు. జ్వరం వచ్చిన వారం లోపే."

 నేను కారు చుట్టూ తిరిగాను.

ఆ కారు కిరణ్ పుట్టిన ఏడాది కొన్నదట. వాడు డ్రైవింగ్ నేర్చుకున్నదీ దాని మీదే. కొత్త కారు వచ్చాక దీన్ని అమ్మేద్దామంటే, ఇంజనీరింగు చదువుతున్న వాడు ఒప్పుకోలేదు. ఫోన్‌లో వీడియోలు చూస్తూ, సెలవుల్లో మిరపకాయల కల్లం పక్క రేకుల కొట్టంలో పెట్టుకుని పని మొదలుపెట్టాడు. చెన్నై అవతల ఒక ట్రాక్ ఉంది. ఎవరి బండి వాళ్లు తెచ్చుకుని తిప్పుకునే రోజులు అక్కడ ఉంటాయి. అలాంటి ఒక రోజుకు వాడు పేరు ఇచ్చుకున్నాడు. ఆ పేరును ఇప్పుడు తండ్రి తన మీదికి మార్పించుకున్నారు.

"మీరు నడుపుతరా సార్?"

"నేనే. ఇరవై ఏళ్లు నడిపిన బండే కదయ్యా."

నేను రెక్క మీద చెయ్యి పెట్టి తడిమాను. పైన అల్యూమినియం రేకు, లోపల వెదురు బద్దలు. మన అడవి వెదురునే సన్నగా చీరి, మంట మీద వంచి, చేప కడుపులా రూపం తెచ్చి పక్కటెముకల్లా పేర్చాడు. వాటి మీద రేకు చుట్టి రివెట్లు కొట్టాడు. ఒక్క రివెట్ కూడా వరస తప్పలేదు. అరచేయి ఎక్కడా ఆగలేదు.

"బాగా చేశాడా?" అని అడిగారు రావుగారు. ఆ గొంతులో నాకు వినపడింది పరీక్ష రాసిన పిల్లవాడి ఆత్రం.

"మస్తు జేసిండు సార్. నా షెడ్డుల గిట్ల జేసేటోడు ఎవడూ లేడు."

ఆ మాటలో అబద్ధం లేదు. రెక్క ఉన్న చోటు గురించి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. టాపు దిగిపోయే కార్లకు అద్దం కింద గాలి సరిగా అందదని నాకు అనుమానం ఉంది. చూడకుండా అనడం ఎందుకని ఊరుకున్నాను.

కారం, సింధూరం

గాలి ఎటు పోతుందో తెలుసుకోవడానికి ఒక తేలికైన పని ఉంది. రంగు పొడిని నూనెలో కలిపి కారుకు పూసి, వేగంగా నడిపి ఆపాలి. గాలి తగిలిన చోట రంగు గీతలై సాగుతుంది. తగలని చోట పూసినట్టే ఉంటుంది.

"ఎర్ర రంగా? నా ఇంట్లో దానికేం కొదవ?" అని రావుగారు తమ చేలో కాయలు దంచిన కారం డబ్బాడు తెచ్చారు. మిరప పండే చోట ఎర్రపొడి అంటే ఇంకేదీ తోచదు. నాకూ తోచలేదు. నూనె తక్కువై, కారం ఎక్కువైంది. టేకులపల్లి దాటాక అడవి రోడ్డు మీద ఆయన కారు నడుపుతుంటే, గీతలు చూద్దామని నేను మోటారుసైకిల్ మీద వెనకే పోయాను. గాలి ఆ కారాన్ని మొత్తం లేపి నా మొహాన కొట్టింది.

బండి పక్కకు పడేసి, రోడ్డు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాను. రావుగారు కారు ఆపి పరుగున వచ్చారు. ఆగకుండా కారుతున్న నా కన్నీళ్లు చూశారు. మెల్లగా పక్కన కూర్చుని నా వీపు మీద చెయ్యి వేశారు.

"ఊరుకో సత్యం. నువ్వు వాడిని చూడనైనా లేదు. ఎందుకయ్యా అంత?"

కారం సార్, అని చెప్పడానికి నోరు రాలేదు. కాసేపటికి అది కారమేనా అని నాకే అనుమానం వచ్చింది.

మర్నాడు సింధూరం తెచ్చాను. నువ్వుల నూనెలో చిక్కగా కలిపి, ఆంజనేయస్వామికి పూసినట్టు బానెట్టుకూ టాపుకూ వెనక అద్దానికీ నేను పూశాను. రెక్కకు రావుగారు పూశారు. తాకితే నొప్పి పుడుతుందేమో అన్నట్టు నాలుగు వేళ్లతో, మెల్లగా. టేకులపల్లి బస్టాపులో ఒక ముసలమ్మ ఆ ఎర్రటి కారు చూసి లేచి నిలబడింది.

"ఏ దేవుని బండి బిడ్డా ఇది?"

"గాలి దేవునిది అవ్వా."

ఆమె దండం పెట్టింది. రావుగారు నవ్వారు. ఆయన నవ్వగా చూడడం అదే మొదటిసారి.

ఈసారి నేను నడిపాను, ఆయన పక్కన కూర్చున్నారు. అప్పటికే ముందు మూతి కింద నేను పట్టీ కట్టి ఉంచాను. గనుల్లో బొగ్గు మోసి అరిగిన కన్వేయర్ బెల్టు రబ్బరు కోసి, దాని వెనక ప్లైవుడ్ పలక. నా పనితనంలో అంత శుభ్రంగా కుదిరింది ఇంకోటి లేదు. తిన్నని రోడ్డు మీద వేగం పెంచాను. ముందు చక్రాలు నేలను పట్టుకున్నది స్టీరింగులో తెలుస్తోంది. అడవి మొదలయ్యే చోట పొడుగాటి మలుపు. అక్కడ వెనక భాగం ఒక్కసారి జారి, మళ్లీ నిలబడింది.  కారు ఆపాను.

టాపు మీద సింధూరం దువ్వినట్టు గీతలు సాగి ఉంది. వెనక అద్దం మీద ఏమీ కదల్లేదు. రెక్క మీద రావుగారి నాలుగు వేళ్ల గుర్తులు, పూసినవి పూసినట్టే, చెక్కుచెదరకుండా ఉన్నాయి. టాపు అంచు దాటాక గాలి పైపైనే పోతోంది. రెక్క దాకా దిగడం లేదు.

ఆయన ఆ గుర్తులనే చూస్తున్నారు.

"ఇయ్యాల అడవి గాలి ఎదురొచ్చింది సార్. టేకు ఆకు రాలే కాలంల గాలి అసలు..."

"సత్యం." ఆయన చెయ్యి ఎత్తారు. "నీ కథలు ఊరందరికీ చెప్పు. నాకొద్దు."

అప్పుడు చెప్పాను. "రెక్క మంచిగున్నది సార్. జాగనే మంచిగ లేదు. గాలి అందుతలేదు. కాళ్లు పొడుగు జేసి టాపు మీదికి లేపితే పనిజేస్తది."

 ఆయన జేబురుమాలు తీసి రెక్క తుడవడం మొదలుపెట్టారు.

"లేపొద్దు. వాడు పెట్టిన చోటే ఉండనీ."

"గట్లనే ఉంటే మలుపుల తోక కొడతది సార్. ఇందాక చూసిన్రు గద. ట్రాక్ మీద గింతకింత వేగం. పానం మీదికొస్తది."

"రానీ," అన్నారు.

బెదిరింపుగా అన్నది కాదు. టీ తాగుతారా అంటే అవును అన్నట్టు అన్నారు. ఆయన ఆ ట్రాక్ మీదికి ఎందుకు పోతున్నారో అప్పుడు నాకు అర్థమైంది.

ముందుకుండ

కస్టమర్‌కు బుద్ధి చెప్పడం మన పని కాదు, బండి బాగు చేయడమే మన పని అని ఉస్తాద్ అనేవాడు. ఆ మాట సగమే ఒప్పు. బండిలో మనిషి కూర్చుంటాడు.

షెడ్డుకు రాగానే కారును జాకీ మీద ఎత్తి ముందు పట్టీ బోల్టులు విప్పడం మొదలుపెట్టాను. రావుగారు వచ్చి వంగి చూశారు.

"అదేంటయ్యా? నీ పని బాగానే ఉందిగా?"

"బాగుంది గనుకనే తీస్తున్న. వెనక కుండ ఖాళీగుంటే ముందటి కుండ గూడ ఖాళీగుండాలె. బండి మెల్లగైతది గానీ సక్కగ ఉంటది."

"నా కోసమా?"

"పిలగాని రెక్క కోసం. అది ఉన్న బండి తిరగబడ్డదని ఎవ్వడూ అనొద్దు."

 రబ్బరు పట్టీ ఊడి వస్తుంటే ఆయన ఇంకో కొస పట్టుకున్నారు.

"ఇంకోటి సార్. ట్రాక్ మీద నేను గూడ పక్కన కూసుంట."

"నువ్వెందుకు?"

"బండి చేసినోడు కూసోవాలె. మా పద్ధతి." అట్లాంటి పద్ధతి ఎక్కడా లేదు. అప్పటికప్పుడు పుట్టించాను. "ఏమన్నయితే మా ఇంటామెకు మీరే చెప్పుకోవాలె. ఆమె నోటికి నేనే ఆగలేను, మీరేం ఆగుతరు?"

"ఏమన్నా అయితే చెప్పడానికి నేను మాత్రం ఉంటానా?"

"గదే సార్ నేననేది. ఉండాలె."

ట్రాక్ మీద

కారును డీసీఎం వ్యాను ఎక్కించి తీసుకుపోయాం. అక్కడన్నీ కొత్త కార్లు, కుర్రాళ్లు. మా కారు చూసి ఒకడు రెక్క దగ్గరికి వచ్చి వంగి, "అంకుల్, వెదురా ఇది?" అన్నాడు. రావుగారు వాడికి వెదురు ఎట్లా వంచాలో చెప్పారు. కొడుకు చేస్తుంటే చూసినదంతా ఆయనకు గుర్తుంది. మంట ఎంత దూరం ఉండాలి, తడిగుడ్డ ఎప్పుడు చుట్టాలి, అన్నీ. చేసింది ఎవరని వాడు అడిగితే, "మావాడు," అని మాత్రం అన్నారు.

హెల్మెట్లు పెట్టుకున్నాం. మొదటి చుట్టు నెమ్మదిగా తిరిగాం. రెండో చుట్టులో పెద్ద తిన్నని దారి వచ్చింది. ఆయన కాలు నొక్కారు. ఇంజిన్ అరుస్తోంది. చివర కుడికి మలుపు. బ్రేకు వేయాల్సిన చోటని చూపే బోర్డు వచ్చింది, దాటిపోయింది. ఆయన కాలు లేవలేదు. తల తిప్పి చూశాను. హెల్మెట్ లోపల ఆయన కళ్లు మలుపు మీద లేవు, ఎక్కడా లేవు.

నా దగ్గర ఆ క్షణానికి పనికొచ్చే కథ ఒక్కటి కూడా లేదు.

"రావు సారూ," అన్నాను. "నాకు భయమైతుంది."

ఆయన ఉలిక్కిపడి నా వైపు చూశారు. పక్కన ఇంకో మనిషి ఉన్నాడని అప్పుడే తెలిసినట్టుగా. కాలు లేచింది, బ్రేకు మీద పడింది. టైర్లు కీచుమన్నాయి. బండి ముందుకు వంగి, ఊగి, ట్రాక్ అంచు మీది ఎర్రతెల్ల గట్టు ఎక్కి దిగి, మలుపు తిరిగింది. తోక విసరలేదు.

 మిగిలిన చుట్లన్నీ ఆయన సంతకు పోతున్నట్టు నడిపారు. అందరూ మమ్మల్ని దాటిపోయారు. హెల్మెట్ లోంచి ఏడుపు వినపడుతూనే ఉంది. నేను రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను. అట్లాంటప్పుడు చూడకుండా ఉండడం కూడా ఒక పనే అని ఆ రోజు తెలిసింది.

కారు ఆపి దిగాక ఆయన వెనక్కి పోయి రెక్క పక్కన నిలబడ్డారు. మొహం కడుక్కుని వచ్చారు. మళ్లీ నిలబడ్డారు.

"వాడుంటే ఏం చేసేవాడు సత్యం?"

"ఎప్పుడు సార్?"

"ఇప్పుడు. ఒకసారి తిప్పి చూశాక."

ఉన్న మాటే చెప్పాను. "గాలి అందుతలేదని వానికే తెలిసేది సార్. గంత రెక్క జేసినోనికి తెల్వదా? మల్లొక్కసారి వచ్చేతలికి పైకి లేపేటోడు."

"కదా," అన్నారు. "తప్పు దిద్దుకునే టైము వాడికి దొరకలేదు, అంతే కదా. నేనేమో ఆ తప్పునే గట్టిగా పట్టుకుని కూర్చున్నాను."

డీసీఎంలో పానాలు, కోసే మిషను, ఇనప గొట్టాలు ఉన్నాయి. తెచ్చింది నేనే, ఎందుకు తెచ్చానో నాకే తెలియదు. రావుగారు చొక్కా చేతులు పైకి మడిచి, రెక్క కింద రెండు అరచేతులూ పెట్టారు.

"ఎత్తుదాం," అన్నారు. "నేను పట్టుకుంటాను. నువ్వు బోల్టులు తియ్యి."

కిరణ్ బోల్టులు గట్టిగా బిగించాడు. నేను ఒక్కొక్కటే తీస్తూ పోయాను. చివరిది ఊడగానే రెక్క బరువంతా ఆయన చేతుల మీదికి వచ్చింది. ఆయన కొంచెం వంగి, మళ్లీ నిటారుగా నిలబడ్డారు.